ఓడిపోయే హాకీ టీమ్ వల్ల కలిగే లాభాలు

ప్రతి తెలుగు తండ్రికీ ఓడిపోయే ఐస్ హాకీ టీమ్ ఒకటి ఉండి తీరాలి. గ్రీన్ కార్డు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. ఇది మాత్రం వాయిదా వేయకండి.

నవ్వేవాళ్ళు నవ్వండి. మిషిగన్‌లోని నోవైలో పదమూడు చలికాలాలు గడిపిన అనుభవంతో చెబుతున్నాను.

క్రికెట్ లేదా అంటారు. క్రికెట్ వల్ల ఏం లాభం? దామోదర్ గారింట్లో ఇరవై మంది చేరతారు. ఫీల్డింగ్ ఎక్కడ పెట్టాలో ఇరవై మందికీ తెలుసు. నోరు విప్పి మనం కూడా ఒకటి చెప్పాలి. నాకు అక్కడే చిక్కు. నేను తక్కువ మాట్లాడే మనిషిని. మా ఊరి హైస్కూల్లో హాజరు పిలిస్తే ‘ఉన్నానండి’ అనడానికి బద్ధకించి చెయ్యెత్తేవాణ్ణి. తెలుగు మేష్టారికి చూపు ఆనేది కాదు. ఏడాదిలో సగం రోజులు నేను బడికి రానట్టే లెక్క.

హాకీ చూడండి ఎంత హాయో. అరిచే పనంతా వాళ్ళే చూసుకుంటారు. మనం సోఫాలో కూర్చుని ‘ప్చ్’ అంటే సరిపోతుంది. ప్చ్ అనడం తెలుగువాడికి ఇంకొకరు నేర్పాలా?

నేను ఈ భక్తిలోకి వచ్చింది ఒక అబద్ధం వల్ల. నేను పనిచేసేది కారు తలుపులకి అచ్చులు చేసే షాపులో. చేరిన మొదటి వారంలోనే నా పక్క మిషన్ దగ్గరుండే వాల్ట్ అనే పెద్దాయన, నిన్న డెట్రాయిట్ ఆట చూశావా అని అడిగాడు. లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. చూశానన్నాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి పదమూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

మొదటి రెండేళ్ళూ ఆ ఆటలో బంతిలాంటిది ఒకటి ఉందని నాకు తెలియలేదు. ఎర్ర జెర్సీల వాళ్ళు, తెల్ల జెర్సీల వాళ్ళు కర్రలు పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు జారుతూ ఉంటారు. ఉన్నట్టుండి కొందరు చేతులు పైకెత్తుతారు. నేనూ ఎత్తేవాణ్ణి. మూడో ఏడు, మా అనికకి ఏడేళ్ళప్పుడు, అది టీవీ దగ్గరకి వెళ్ళి గాజు మీద వేలు పెట్టి, “అదిగో నాన్నా, నల్లది” అని చూపించింది. అరచేతిలో పట్టే రబ్బరు బిళ్ళ, పేరు పక్! దాని కోసమా ఇంత గొడవ అనుకున్నాను. మర్నాడు వాల్ట్ దగ్గర మాత్రం ‘పక్ కదలిక నిన్న ఏమంత బాగాలేదు’ అన్నాను.

కనిపించాక చూడటం మొదలుపెట్టాను. మాట్లాడని వాడికి చూడటం తప్ప వేరే పనేముంది? తప్పు చేసిన వాణ్ణి గాజు గదిలో రెండు నిమిషాలు కూర్చోబెడతారు. మా బడిలో బెంచీ ఎక్కించడం ఇదే, కాకపోతే వీళ్ళకి నీళ్ళ సీసా కూడా ఇస్తారు. వాడు లేని ఆ రెండు నిమిషాలూ అవతలివాళ్ళకి పవర్ ప్లే. ఇద్దరు కొట్టుకుంటుంటే రిఫరీలు పక్కన నిలబడి చూస్తారు. ఇద్దరూ అలిసిపోయాక చెరో చెయ్యి పట్టుకుని విడదీస్తారు. మా ఊళ్ళో గట్టు తగాదాల్లో పెద్దమనుషులు చేసేదీ ఇంతే. మధ్యలో విరామం వస్తే ఒక పెద్ద బండి వచ్చి మంచునంతా అలికి నున్నగా చేసి పోతుంది. మ్యాచ్ మొత్తంలో మా ఆవిడ గిరిజకి నచ్చేది ఆ అలుకుడే. చివర్న మూల వదిలేశాడు చూడండి అంటుంది.

ఇంకొకటుంది. మా డెట్రాయిట్‌లో పెద్ద ఆటలప్పుడు జనం మంచు మీదకి ఆక్టోపస్‌ని విసురుతారు. చచ్చినదేలెండి. మొదటిసారి అది టీవీలో చూసిన గిరిజ లేచి వెళ్ళి తలస్నానం చేసింది. నాకు మాత్రం తప్పుగా తోచలేదు. మనం గుమ్మడికాయ కొట్టమా? దిష్టి ఎవరికైనా దిష్టే.

ఇవన్నీ చిన్న లాభాలు. పెద్ద లాభం మా అనిక.

పదిహేడేళ్ళ అమ్మాయితో తండ్రి ఏం మాట్లాడతాడు? హోంవర్క్ అయిందా అని అడిగే వయసు దాటింది. ఇంకేదన్నా అడిగితే “ఐ యామ్ ఫైన్ నాన్నా” అని తలుపు వేసుకుంటుంది. మ్యాచ్ ఉన్నరోజు తలుపు తీసుకుని అదే వస్తుంది. సోఫాకి ఆ చివర అది, ఈ చివర నేను.

“డిఫెన్స్ బాలేదు.”

“యా. పవర్ ప్లే కూడా.”

“ఆ గోల్ కీపర్ని మార్చాలి.”

“గోలీని బ్లేమ్ చేయొద్దు నాన్నా. పాపం, ఒక్కడే ఏం చేస్తాడు?”

ఒక సాయంకాలానికి ఇది చాలు. సీజన్‌కి ఎనభై రెండు ఆటలు. తన కూతురి పక్కన ఏడాదికి ఎనభై రెండుసార్లు కూర్చునే తెలుగు తండ్రిని ఇంకొకణ్ణి చూపించండి!

పోయిన సీజన్, అంటే 2013 అక్టోబర్‌లో మొదలైనది, మా ఇంట్లో కాస్త ముఖ్యమైనది. అనిక స్కూలు చివరి సంవత్సరం. రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి యాన్ ఆర్బర్, మా ఇంటినుంచి అరగంట డ్రైవ్. రెండోది కాలిఫోర్నియా, నాలుగున్నర గంటల ఫ్లైట్. మే ఒకటో తారీకు లోపల ఏదో ఒకదానికి సరే అనాలి. “నీ ఇష్టం అమ్మా” అన్నాను. ఇష్టం నాకూ ఒకటుంది. అది దగ్గర్లో ఉండాలి. ఆదివారం వండిన కూర పట్టుకెళ్ళి ఇచ్చి రాగలిగేంత దగ్గర్లో. అది చెప్పాలి.

చెప్పడానికి వీలు కుదరాలి కదా. అప్లికేషన్లు పంపే రోజుల్లో చెబుదామంటే నవంబర్‌లో మనవాళ్ళు వరసగా ఓడుతున్నారు, ఇల్లంతా దిగులు. జనవరిలో మంచు చూశారుగా, డ్రైవ్‌వే ఊడ్చుకోవడంతోనే సరిపోయింది. ఫిబ్రవరిలో చలికాలపు ఒలింపిక్స్ అని ఆటలే ఆపేశారు. సోఫా దగ్గరకి అది రాలేదు. మార్చిలో సగం మంది ఆటగాళ్ళకి దెబ్బలు, ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీలకి, చేరతామో లేదో తెలియదు. అలాంటి సమయంలో ఇంటి విషయాలు ఎత్తడం మర్యాదా?

అప్పుడు వాల్ట్ ఒక ఆచారం చెప్పాడు. ప్లేఆఫ్స్‌లో టీమ్ ఓడి బయటికొచ్చే దాకా ఆటగాళ్ళూ అభిమానులూ గడ్డం తీయరట. ఎప్పటినుంచి అని అడగాలి. అడిగితే మాట పెరుగుతుంది. ఆ సాయంత్రమే రేజర్ లోపల పెట్టేశాను. మూడు వారాల తర్వాత వాల్ట్ నా ముఖం చూసి, అది ఏప్రిల్‌లో కదా చక్రపాణీ అన్నాడు. అప్పటికే చాలా దూరం వచ్చేశాను. మధ్యలో తీస్తే, రేపు టీమ్‌కి ఏదన్నా అయితే ఎవరిది బాధ్యత?

ఆ నెరిసిన గడ్డంతోనే ఉగాదికి గుడికి వెళ్ళాను.

తెలుగువాడి ముఖం మీద గడ్డం ఊరికే ఉండదని మనకి నమ్మకం. అది దుఃఖమో దీక్షో అయి ఉండాలి. దమయంతి గారు మా పిల్లకి సంగీతం చెప్పే ఆవిడ. పచ్చడి గిన్నె పట్టుకుని నన్ను నఖశిఖపర్యంతం చూశారు. మైల అయితే గుడికి రాడు. ఉద్యోగం పోతే ఇంత ప్రశాంతంగా ఉండడు. ఈ రెండూ ఆవిడ కళ్ళలో వచ్చి పోవడం నాకు కనిపించింది. గిరిజ దగ్గరకి వెళ్ళారు.

“ఏంటి వదినా, అన్నయ్యగారు ఇలా ఉన్నారు? అయ్యప్ప మాల జనవరితోనే అయిపోయిందిగా.”

గిరిజ నా వైపు చూసింది. పులిహోర లైన్లో ముప్ఫై మంది ఆడవాళ్ళున్నారు.

“మొక్కుకున్నారు వదినా. పిల్ల దగ్గర్లోనే చదువుకోవాలని.”

ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో నేను ‘ప్చ్’ అన్నాను. “మరేం చెప్పమన్నారు? మంచు మీద కర్రాటకి మా ఆయన గడ్డం పెంచుతున్నారని చెప్పనా? యాభై ఏళ్ళొచ్చాయి,” అంది గిరిజ. సిగ్నల్ పడ్డాక కిటికీ వైపు తిరిగి, “అయినా అబద్ధమేం చెప్పాను,” అంది.

పది రోజుల్లో నా మొక్కు నాకంటే పెద్దదైంది. ఒంటిపూట తింటున్నానట. చాప మీద పడుకుంటున్నానట. ఇండియన్ గ్రాసరీలో దామోదర్ గారు కనబడి, నమస్కారం పెట్టి, కిందకి చూశారు. నా కాళ్ళకి స్నో బూట్లు ఉండటం చూసి ఆయన కాస్త నిరాశపడ్డట్టు అనిపించింది. గుడిలో అడగకుండానే రెండో లడ్డూ దొరికింది. ఏ క్రికెట్ అభిమానికి ఈ గౌరవం ఉంది చెప్పండి?

అనిక చెవిలో కూడా పడింది. సంగీతం క్లాసులో దమయంతి గారు చెప్పే ఉంటారు. నన్నేమీ అడగలేదు. నా కూతురే కదా. మ్యాచ్ చూస్తూ చూస్తూ నా గడ్డం వైపు చూసేది, మళ్ళీ టీవీ వైపు తిరిగేది.

చివరికి మనవాళ్ళు ఎలాగో ప్లేఆఫ్స్‌లో పడ్డారు. బోస్టన్ వాళ్ళతో మొదటి ఆట ఒక్క గోల్‌తో గెలిచారు. నాలుగు ఓడితే ఇంటికే. తర్వాత నాలుగూ ఓడారు. ఏప్రిల్ ఇరవయ్యారు, శనివారం సాయంకాలానికల్లా అంతా అయిపోయింది. గడ్డాల వాళ్ళంతా వరసలో నిలబడి, గెలిచినవాళ్ళకి చేతులు కలిపారు. అనిక టీవీ ఆపింది. కాసేపు అక్కడే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. తర్వాత లేచి వెళ్ళింది.

సోమవారం వాల్ట్ గడ్డం నున్నగా గీసుకుని పనిలోకి వచ్చాడు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు. ఇంకా తియ్యని నా గడ్డం వైపు ఒకసారి చూసి మిషన్ ఆన్ చేశాడు.

బుధవారం సాయంత్రం. అనిక డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెల్లవారితే మే ఒకటి.

“నాన్నా, ఒకటి అడగనా?”

“ఊఁ.”

“ఆ బియర్డ్ నా కోసమా?”

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

పాఠకులారా, ఇదిగో, ఇక్కడ గమనించండి. హాకీ టీమ్ లేని తండ్రి అయితే ఈ పాటికి నోరు విప్పవలసి వచ్చేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు, ఎంత ఇబ్బంది! నాకు టీమ్ ఉంది.

“ఛ. టీమ్ కోసం,” అన్నాను.

అది నవ్వలేదు.

“నాన్నా, మన టీమ్ శాటర్‌డేనే అవుట్ అయిపోయింది.”

నిజమే. “అవును కదా,” అన్నాను.

“సండే చూశా, నువ్వు ఏదైనా అంటావని. మండే చూశా. ట్యూస్‌డే కూడా చూశా.” లాప్‌టాప్ మెల్లగా మూసింది. “నిన్న నైట్ కాలిఫోర్నియాకి యెస్ చెప్పేశా.”

“మంచి కాలేజీ,” అన్నాను.

“నువ్వు ఉండమంటే ఉండేదాన్నో లేదో నాకు తెలీదు నాన్నా. బట్ యు కుడ్ హావ్ ఆస్క్‌డ్.”

వంటింట్లో గరిట మళ్ళీ కదిలింది, ఈసారి కొంచెం గట్టిగా.

ఆగస్టులో ముగ్గురం వెళ్ళి దాన్ని దింపి, ఇద్దరం వచ్చాం. ఇప్పుడు మళ్ళీ అక్టోబర్, కొత్త సీజన్. సోఫా మీద చోటు ఎక్కువైంది. గిరిజ వచ్చి కూర్చుంటోంది, కానీ ఆ అలికే బండి వెళ్ళిపోగానే లేచిపోతుంది.

అందుచేత, పైన మొదట్లో నేను చెప్పింది కొంచెం సవరించుకోవాలి. ఓడే టీమ్ వల్ల లాభాలు ఉన్న మాట నిజమే కానీ, అది ఏప్రిల్‌లోనే మనిషిని నడిరోడ్డు మీద వదిలేస్తుంది. మీరు కాస్త చూసి, జూన్ దాకా ఆడే టీమ్‌ని పట్టుకోండి. మనవాళ్ళు ఒక్క రౌండ్ గెలిచి ఉంటే నా గడ్డానికి ఒక సమాధానం ఉండేది. నా ఫిర్యాదంతా ఆ డెట్రాయిట్ వాళ్ళ మీదే. నాలో ఏ లోపమూ లేదు.

మాట్లాడటం రాదన్న మాటే గానీ, రాయమంటే రాయగలను. చూడండి: ఇక్కడే ఉండిపోవే అమ్మా, నువ్వు వెళ్తే నాకు తోచదు.

ఎంత తేలికగా వచ్చిందో!

ఈ పత్రిక ఒక కాపీ కాలిఫోర్నియాకి పంపమని గిరిజ అంటోంది. పంపి ఏం లాభం? అనికకి తెలుగు చదవడం రాదు. నేర్పడానికి మన గుడిలో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు బడి ఉండేది. సరిగ్గా ఆ టైముకే మాకు మ్యాచ్ ఉండేది.