గోడలో కలిసిన వంటిల్లు

మా నాంజింగ్ నగర ప్రాకారం క్షేమంగా తిరిగి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందంటారా? ఎక్కడికీ పోలేదు. మా వంటిళ్ళలో ఉంది, పందుల దొడ్లలో ఉంది, బొగ్గుల కొట్లలో ఉంది.

నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు అధికారులు డప్పులతో వచ్చారు. చక్రవర్తుల గోడ అభివృద్ధికి అడ్డం, పడగొట్టినవాడే వీరుడు అన్నారు. మా ఆయన పలుగు పట్టి వీరుడై, ఎర్ర కాగితం పువ్వు గుచ్చుకుని, ఇటుకల బండితో ఇంటికొచ్చాడు. మొన్న మళ్ళీ డప్పులతో ‘గౌరవ ఇటుకల స్వాగత సంఘం’ వచ్చింది. గోడ మన ప్రాణం, ఇటుక తిరిగిచ్చినవాడే వీరుడు అంది. కోళ్ళగూడు విప్పి ఇచ్చి నేనూ పువ్వు పెట్టించుకున్నాను. పడగొట్టినందుకొకటి, నిలబెట్టినందుకొకటి. ఒకే ఇంట్లో రెండు పువ్వులంటే మాటలా!

చిక్కంతా పక్కింటి మియావో వదినతో వచ్చింది. ఒంటరి మనిషి. ఆమె వంటింటి ఉత్తరపు గోడంతా ఆ ఇటుకలే. ఒక్కోదాని మీద కాల్చినవాడి పేరు, వాడి పైఅధికారి పేరు అచ్చుగుద్ది ఉంటాయి. ఇటుక పగిలితే ఎవరి తల తీయాలో వెతుక్కోనక్కర్లేకుండా పూర్వపు ప్రభువులు చేసిన చక్కటి ఏర్పాటు.

సంఘాధ్యక్షుడు యాన్ గారు ఆమె పొయ్యి ముందు నిలబడి ఉపన్యసించారు.

“అవ్వా! ఇవి ఇటుకలు కావు, చరిత్ర నాలుకలు! జాతి మీ ముందు చేతులు చాచింది!”

“చాచితే చాచింది గానీ నాయనా, చలికాలం ముంచుకొస్తోంది. బదులు గోడ కట్టిస్తావా?”

“గోడేమిటి, అంతకంటే గొప్పదే కట్టిస్తాం!”

“దేంతో? నోటితోనా?”

మాట తప్పలేదు. గోడ పీక్కుపోయి, ఆ ఖాళీలో ప్రాకారం బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్ పట్టా కట్టారు. దూరం నుంచి చూస్తే అచ్చం గోడే. గాలి మాత్రం దూరం నుంచి చూసి ఊరుకునే రకం కాదు.

వదిన యాన్ గారి దగ్గరికే వెళ్ళి అడిగింది. ప్రాకారం లేచింది కనుక మా వీధి ‘ప్రాచీన దృశ్య రక్షణ మండలం’ అయిందట. కొత్త గోడ లేపితే ప్రాచీనత చెడుతుందట.

“నా గోడ పట్టుకెళ్ళి, నా గోడకే అడ్డమొస్తావా? నేనెక్కడ వండుకోను, నీ నెత్తినా?”

“నియమం అవ్వా. నియమానికి ఆకలి తెలీదు.”

“తెలుస్తూనే ఉంది, ఎంత బలిసిందో!”

మంచు పడగానే ఆమె బొగ్గుల పొయ్యి ఈడ్చుకెళ్ళి, తన ఇటుకలు చేరిన చోట, ప్రాకారం చాటున పెట్టుకుంది. గాలి తగలదు, అన్నం ఉడుకుతుంది. కావలివాళ్ళు తరిమేస్తారనుకున్నాం. అబ్బే! చుట్టూ తాడు కట్టి ‘పూర్వపు రాజధానిలో ప్రాచీన గృహజీవనం’ అని పలక పెట్టారు. పొద్దుగూకే దాకా పొయ్యి ఆర్పరాదని ఉత్తర్వు. తరువాత, ఫోటోలో నగరద్వారం కూడా పడాలని ఆమెను గాలి కొట్టే ఉత్తరపు వైపుకు మార్చారు.

మీరూ తప్పక రండి. చలికాలంలో వస్తేనే అందం. గాలికి ఆమె చేతులు వణికి ఫోటో కాస్త మసకగా వస్తుంది. “కదలకుండా ఉండు అవ్వా” అని గట్టిగా అనండి. మొహమాటమేమీ అక్కర్లేదు. మా వీధి వాళ్ళం అందరం అలాగే తీయించుకున్నాం.