మూడో వార్డులో పదకొండు నిమిషాల యుద్ధం

మా మూడో వార్డు నివాసుల సంఘం యుద్ధాన్ని విజయవంతంగా ప్రదర్శించిందని తెలియజేయడానికి కార్యదర్శిగా ఎంతో సంతోషిస్తున్నాను. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మా జపానులో అంతకు మించిన విజయం లేదు.

అసలీ గొడవకి మూలం కురమోచి తాతగారు. తొంభై ఒక్కేళ్ల మనిషి, రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవి అడవుల్లో పోరాడి ప్రాణాలతో తిరిగొచ్చినవారు. ఆ అడవుల మీద తీసిన సినిమా టోక్యోలో ఆడుతుంటే మూడుసార్లు చూసొచ్చి, నా గుమ్మంలో నిలబడ్డారు.

"డెబ్భై ఏళ్లుగా కట్టుకున్నదానికి కూడా చెప్పలేదయ్యా. ఈ సినిమా నా బదులు చెప్పేసింది. నేను పోయేలోగా మన వీధివాళ్లు ఒక్కసారి చూస్తే చాలు."

ఆయన ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. యుద్ధం ముగిసి డెబ్భై ఏళ్లు నిండే ఆగస్టు పదిహేనున వార్డు హాల్లో వేద్దామని, పద్ధతి ప్రకారం కబుర్ల అట్టని ఇంటింటికీ తిప్పాం. ప్రతి ఇల్లూ చదివి, ముద్ర వేసి, పక్కింటికి అందించాలి. ఎవరూ వద్దనలేదు. అంత మర్యాద తెలియనివాళ్లు మాలో లేరు. చిన్న చిన్న మనవులు మాత్రం రాశారు, నలభై ఒకటి.

నెత్తురు మరీ ఎర్రగా ఉందన్నారు. సినిమాని నలుపు తెలుపుల్లోకి మార్చాం. అప్పుడది అచ్చం సోయా సాస్‌లా ఉందని సాస్ దుకాణం యజమాని నొచ్చుకున్నాడు. నెత్తురే తీసేశాం. పుండ్లలో పురుగులు లుకలుకలాడే దృశ్యం, ఆట అయ్యాక పెట్టే చల్లటి నూడుల్స్‌కి పొసగదని వంటల బృందం తేల్చింది. నూడుల్స్ రద్దు చేయలేం కాబట్టి పురుగుల్ని రద్దు చేశాం. చచ్చిపోతున్న సైనికుల మూలుగులు తన మధ్యాహ్నపు కునుకుకి అడ్డమని హాలు పక్కింటావిడ రాసింది. వాళ్లు చప్పుడు లేకుండా చచ్చిపోయే ఏర్పాటు చేశాం. ఇక సైనికులు ఆకలికి తాళలేక తోటి సైనికుణ్ణే తినే ఘట్టం. అక్కడ మహిళా విభాగం అధ్యక్షురాలు మినెగిషి గారు పెద్దమనసు చేసుకున్నారు.

"తిననివ్వండి పాపం, ఆకలి మీదున్నారు. ఆ మాంసం ఎవరిదో చూపించకపోతే సరిపోతుంది."

దర్శకుడి అనుమతి అడగలేదు. అడిగితే ఆయన్ని ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

ఆ విధంగా రెండు గంటల సినిమా పదకొండు నిమిషాలకి వచ్చింది. చెట్లు, వాన, ఒక ఏరు, కబుర్లాడకుండా బుద్ధిగా భోంచేస్తున్న నలుగురు కుర్రాళ్లు. హాలంతా మురిసిపోయింది. "అబ్బ, ఎంత పచ్చగా ఉందో! వచ్చే వసంతంలో సంఘం యాత్ర అక్కడికే పెట్టండి" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అధ్యక్షులవారు లేచి, యుద్ధం ఎంత ఘోరమో ఎవరి మనసూ నొప్పించకుండా నిరూపించామని ప్రకటించి, మైకు తాతగారికి అందించారు.

తాతగారు మైకు పట్టుకుని తెల్లటి తెరకేసి చూశారు. నాకు సిగ్గేసింది.

"నాకు సైన్యం నుంచి పిలుపొచ్చినప్పుడూ ఈ వీధిలో ఇలాగే అట్ట తిరిగింది" అన్నారు. "కుర్రాళ్లని జెండాలూపి సాగనంపుదాం అని రాసుందందులో. ఇంటింటా ముద్ర వేశారు. మా అమ్మా వేసింది. ఒక్కరంటే ఒక్కరు, ఒక చిన్న మనవైనా రాయలేదు."

ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరం కొట్టాం. నలుగురూ కొడుతుంటే మనం ఒక్కళ్లం ఊరుకుంటే ఏం బావుంటుంది చెప్పండి.