పంటితొడుగు విమోచనం, వంజరం తల సంపాదనం

స్వస్తి! బంగాళాఖాతం తన తరంగహస్తాలతో తీరసైకతాన్ని దువ్వుతూ ఉండగా, ఆరేసిన వలల మీద మధ్యాహ్న మార్తాండుడు వెండిపూత పూస్తూ ఉండగా, నెల్లూరు నుంచి బయలుదేరిన బస్సు మహారథం ధూమపతాకాన్ని ఎగరేస్తూ మైపాడు సెంటరులో గర్జించి నిలిచింది. ఆ రథగర్భం నుంచి ఒక వీరనారి దిగింది.

ఆమె పేరు దుర్గ. వయసు ఇరవై ఆరు. పెంచలయ్య, పోలేరమ్మల పుత్రిక. రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ధీమంతురాలు. తొమ్మిదో తరగతిలో ఎవడో "కోరపళ్ళదానా" అన్ననాటి నుంచి, అరచేతిని డాలుగా అడ్డం పెట్టుకోకుండా ఒక్కసారి కూడా నవ్వి ఎరగని వ్రతశీల.

ఆ పొద్దునే నెల్లూరులో తొడిగించుకున్న రెండు పారదర్శక కవచాలు ఆమె నోట మెరుస్తున్నాయి. పైవరుసకొకటి, కిందివరుసకొకటి. వంకరపళ్ళను వరుసకు తెచ్చే వీటినే లోకులు అలైనర్లంటారు. రోజుకు ఇరవై రెండు గంటలు ధరించాలి. తిండికీ, పళ్ళు తోముకోవడానికీ మాత్రమే తీయాలి. అవి నోట్లో ఉండగా మంచినీళ్ళు తప్ప టీ చుక్క తాకరాదు. పక్షానికొక జత చొప్పున ఇరవై నాలుగు జతలు. మొదట్లో పళ్ళు నొక్కినట్టు సలుపుతాయి, నాలుక తడబడుతుంది, ఓర్చుకోవాలి. ఇది దంతవైద్యురాలు డెబోరా గారి శాసనం.

దుర్గ ఇంట అడుగుపెట్టగానే శత్రువు తొలి అస్త్రం ప్రయోగించాడు. అది వాసన! మామిడికాయ వేసి మరిగించిన వంజరం చేప పులుసు! అందులో రాజసంగా తేలుతున్నది ఒకే ఒక్క తల.

పొద్దున్నే వేటకెళ్ళొచ్చిన ముఖేష్, దుర్గకు అన్న, అప్పటికే భోజనసమరంలో సగం ముందుకు సాగి ఉన్నాడు. చెల్లెలి నోరు చూశాడు, తల వైపు చూశాడు.

"మే, నా పళ్ళెంలో ఇంక నాలుగు ముద్దలుండాయి. అయ్యేలోపల నువ్వొచ్చి కూచోకపోతే తల నాది."

'ఓరీ అగ్రజా! సముద్రం ఇంకినా, సూర్యుడు పడమట పొడిచినా, ఆ మత్స్యశిరస్సు నీ హస్తగతం కానేరదు' అని పలకదలచింది దుర్గ. నాలుక ప్లాస్టిక్‌కు తగిలి జారింది.

"ముట్టుకుంటే తంపుతా!"

చేతులు కడిగింది. అద్దం ముందు నిలిచింది. రెండు చూపుడువేళ్ళ గోళ్ళను ముందుపళ్ళ మీద మోపి, సర్వశక్తులూ కూడగట్టి కిందికి లాగింది.

కవచం కదలలేదు.

కదలదు కూడా. పొద్దున డెబోరా గారు పళ్ళ మీద అంటించిన పంటిరంగు బొడిపెలు, దుర్గద్వారానికి బిగించిన గడియల్లా, ఆ తొడుగును కరిచి పట్టుకున్నాయి. మళ్ళీ లాగింది. వేలు జారింది. మూడోసారి కుడిగోరు ఠప్పున విరిగి నేలకొరిగింది.

"మూడు ముద్దలు," అన్నాడు ముఖేష్.

మంచం మీది పెంచలయ్య తీర్పు చెప్పాడు. "రాకపోతే రేపు బస్సెక్కి ఇచ్చేసి రామ్మా. నవ్వేదానికి ఇంత తిప్పలేంది?"

ఆ మాట శూలమై దిగింది. రేపు ఇచ్చేస్తే మళ్ళీ ఆ అరచేతి డాలే గతి. దుర్గ పళ్ళు కొరకబోయింది. అవి కొరుకుడు పడలేదు.

అప్పుడు జరిగింది ఘోరం. ముఖేష్ లేచాడు. ఎడమచేత్తో పడవ ఇంజన్ పెట్టె తెరిచాడు. అందులో నుంచి తుప్పుమరకల కటింగ్ ప్లేయరు తీశాడు.

"నోరు తెరువుమే. ఒక్క పట్టు చాలు."

దుర్గ గోడకు ఆనుకుంది. తొడుగు చిట్లితే? కొత్తది వచ్చేసరికి మూడు వారాలు; ఆలోపల పళ్ళు తమ ఇష్టారాజ్యం ఏలుకుంటాయి! ప్లేయరు దగ్గరికి వచ్చింది. అడుగు దూరం. జానెడు. బెత్తెడు...

"ఆపరా!"

వసారాలో వల ముందేసుకుని పీతలు విడదీస్తున్న పోలేరమ్మ, తల ఎత్తకుండానే కేక వేసింది. ప్లేయరు గాలిలోనే ఆగిపోయింది.

"మే దుర్గా, నువ్వేడ పట్టుకోని లాగతుండావు?"

"ముందర."

"పీతను కొండి పట్టుకోని లాగితే ఏమైద్ది?"

"కొండి ఊడొత్తది."

"పీత?"

"వల్లోనే ఉంటది."

"మరి? ఎనక కాలు కాడ మొదలుపెట్టాల. లోపలి పక్క నుంచి. ఈపక్క కొంచెం, ఆపక్క కొంచెం. లాగబాక, ఒలిచినట్టు తియ్యి."

దుర్గ కళ్ళు మెరిశాయి. పొద్దున డెబోరా గారు చూపించిందీ అదే కదా! తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుంది. చిట్టచివరి దవడపన్ను లోపలి అంచు కింద వేలికొన దూర్చింది. ఈపక్క కొంచెం. ఆపక్క కొంచెం.

"కడాకరి ముద్ద!" ముఖేష్ మళ్ళీ పళ్ళెం ముందుకు చేరి ప్రకటించాడు.

టప్! పై కవచం అరచేతిలో పడింది. టప్! కిందిది దాని మీద పడింది. డబ్బీ సంచిలో ఉంది, సంచి గూట్లో ఉంది. అంత వ్యవధి ఎక్కడిది? రెండింటినీ ఎడమ గుప్పిట బిగించి, దుర్గ పిడుగులా వచ్చి కూర్చుంది. గిన్నె మీదికి సాగుతున్న అన్న చేతిని మోచేత్తో నెట్టింది. కుడిచేయి పులుసులో ముంచింది. తల తన పళ్ళెంలోకి దిగింది.

ముఖేష్ గిన్నెలోకి తొంగిచూశాడు. మిగిలింది తోక ఒక్కటే.

"నాలుగు ముద్దలని నేనే ఎందుకు చెప్పినానో," అన్నాడు దీనంగా. "రెండే అని ఉంటే సరిపోయేది!"

దుర్గ పకపకా నవ్వింది. అలవాటు చొప్పున చేయి నోటి వైపు లేవబోయింది. కుడిచేయి నిండా పులుసు. ఎడమచేయి నిండా అలైనర్లు. డాలుగా నిలిపేందుకు మూడో చేయి లేదు. పన్నెండేళ్ళు చెరలో ఉన్న ఆ నవ్వు, కోరపళ్ళతో సహా, అడ్డు లేకుండా ఇల్లంతా పరుచుకుంది. మంచం మీది పెంచలయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రేపటి బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

కాబట్టి విశ్వజనులారా, వినండి! తొలినాటి యుద్ధంలో కోరపన్ను తన స్థానం నుంచి నువ్వుగింజంతైనా కదలలేదు. గోరు ఒకటి వీరస్వర్గం అలంకరించింది. వంజరం తల మాత్రం సంపూర్ణంగా జయించబడింది. దాని చెంపకండ ఒక్క తునకైనా మిగలలేదు.

"ఇంక మళ్ళీ పెట్టుకోవాల్నా వాటిని?" అడిగింది పోలేరమ్మ.

"పళ్ళు తోముకోని పెట్టుకుంటానమా," అంది దుర్గ, వేళ్ళు నాకుతూ. "పీతను వల్లోకి తిరిగి ఎక్కించేది ఎట్టాగో కూడా చెప్పు."