అందరికీ ఒక్కడే తాత

మోగా బస్టాండు వెనక, ట్రాక్టరు సామాన్ల కొట్టు పైనున్న మేడగదిలో బల్కార్ సింగ్ విదేశాలకు వెళ్లేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు మాట్లాడే పరీక్షకు కుర్రకారును తయారుచేస్తుంటాడు. ఎదురు కోచింగ్ సెంటరువాడు తనకు ఆ పరీక్షలో తొమ్మిదికి ఏడు బ్యాండ్లు వచ్చాయని నిలువెత్తు బోర్డు కట్టిన దగ్గర్నుంచి ఇతని బెంచీలు ఖాళీ అవుతున్నాయి. "మరి మీకెంతొచ్చింది సర్ జీ?" అని అడిగినవాడల్లా మర్నాడు రోడ్డు దాటేవాడు. అందుకని ఆ శనివారం శిష్యులతోపాటు తానూ పరీక్షకు కూర్చోవాలని, పొద్దున్నే పరాఠాలు తిని లూధియానా వ్యానెక్కాడు.

"రాకపోతే కింద మా తమ్ముడి కొట్టు ఉండనే ఉంది," అంది భార్య హర్పాల్ కౌర్. "నట్లూ బోల్టులూ అమ్మడానికి ఇంగ్లీషు అక్కర్లేదు."

వ్యానులో ఆఖరి పాఠం జరిగింది. "ఏ టాపిక్ ఇచ్చినా తాతని దింపండి. ఆరోగ్యమా, తాత రోజూ నడుస్తాడు. పర్యావరణమా, తాత చెట్లు నాటాడు. టెక్నాలజీయా, తాతకి ఫోను నొక్కడం రాదు." ఒక్కో టాపిక్కుకు పనికొచ్చే బరువైన మాటలన్నీ దండగుచ్చి ఆ తాత మెడలోనే వేశాడు. అలాంటి తాత భూమ్మీద లేడు. మాస్టారే పుట్టించాడు.

పరీక్షగది బయట బెంచీ మీద బల్కార్‌ది చివరి వంతు. మొదట జస్లీన్ నవ్వుతూ వచ్చి, "తాత బాగా పనిచేశాడు సర్ జీ," అని గుసగుసలాడి వెళ్లిపోయింది.

తర్వాత గుర్తేజ్ వచ్చాడు. "ఇందాకటి అమ్మాయి తాత కూడా చెట్లే నాటాడే అంది ప్రశ్నలడిగే మేడమ్. అది మా బాబాయి కూతురని చెప్పేశా."

"సరేలే, నయమే."

రమణీక్ మొహం పాలిపోయి ఉంది. "నువ్వూ ఆ ఇంటివాడివేనా అంది. కంగారులో తాతకి ఇద్దరు పెళ్లాలన్నాను. నేను చిన్నావిడ మనవణ్ణి."

ఆఖరున హర్నూర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకేం అడుగుతుందోనని తాతని చంపేశాను సర్ జీ. ఇవాళ పొద్దున్నే పోయాడన్నా. మరి దహనం మానేసి అందరూ ఇక్కడికెందుకొచ్చారంది."

"ఏం చెప్పావే?"

"తాతకి చదువంటే ప్రాణమని."

లోపల మేడమ్ కార్డు ముందుకు జరిపింది. ఇంట్లో ఒక పెద్దమనిషి గురించి చెప్పాలట. "మీకూ తాత ఉన్నారా?" అంది మెల్లిగా.

"లేడండీ," అన్నాడు బల్కార్. నేర్చిన మాటలన్నీ ఆ తాతతోపాటే చితికెక్కాయి. మిగిలింది కన్నతండ్రి. పదో తరగతిలో బడి మాన్పించి ట్రాక్టరెక్కించిన మనిషి, ఇప్పటికీ మంచం మీంచి "పనికిమాలినవాడా" అనే పిలిచే మనిషి. రేడియో విని నేర్చుకున్న ఇంగ్లీషులో, కోపాన్ని కోపంగానే చెప్పుకుపోయాడు. "అయినా ఆయన తిట్టని రోజు నాకు భయమేస్తుందండీ," అన్నాడు. మేడమ్ గడియారం చూడటం మరిచిపోయింది.

ఫలితాలొచ్చాయి. శిష్యుల్లో ఒక్కరూ అయిదు దాటలేదు. బల్కార్‌కు ఏడున్నర. ఎదుటివాడి బోర్డు కంటే మూరెడు పొడవైన బోర్డు లేచింది, బెంచీలు చాలక మెట్లమీద కూడా కూర్చున్నారు.

సోమవారం పొద్దున్న కొత్త బ్యాచ్ మొత్తానికీ బల్కార్ తన తండ్రిని డిక్టేషన్ చెప్పాడు.