తువ్వాల కింద ఐదు వేళ్ళు

కర్నూలు పట్టణ గంపబంతి అభిమానుల సంఘంలో గంపబంతి ఆడినవాడు ఒక్కడూ లేడని ఇందుమూలంగా సర్వజనులకూ తెలియజేయడమైనది. ఆడేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు ఆట గురించి మాట్లాడే తీరిక ఉండదు కాబట్టి ఆ భారమంతా సంఘమే మోస్తూ వచ్చింది. ఈ ఆటను దొరలు బాస్కెట్‌బాల్ అన్నారు. ఎత్తున ఒక ఇనుపచుట్టు, దానికి అడుగులేని వల. బంతి అందులో పడాలి. గంప అన్న తర్వాత అడుగు లేకపోవడమేమిటని కొందరు పెద్దలు మొదట్లో అభ్యంతరపెట్టారు గాని, రాజధాని అయిన ఊళ్ళో ఇట్లాంటివి సర్దుకుపోవాలని తీర్మానమైంది. అప్పటికి కర్నూలు రాజధాని అయి రెండేళ్ళు కావస్తోంది. కచేరీలు డేరాల్లో ఉండేవి, మంచినీళ్ళు రావలసి ఉండేవి, గంపబంతి జట్టు మాత్రం సిద్ధంగా ఉండేది.

సంఘం సాయంకాలం పూట ఒక కాఫీ క్లబ్బులో కొలువు తీరేది. అధ్యక్షుడు శాంతయ్య, వేరుశనగ వ్యాపారి. ఆట మొదలైన కాసేపటికి ఏ గంప మనదో మర్చిపోతాడన్న ఒక్క లోపం తప్పితే అధ్యక్షుడికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నవాడు. సభ్యుల్లో ముఖ్యుడు చిన్న ఈరన్న. ఆత్మకూరు నుంచి రాయచోటి దాకా ఏ సంతలో ఎద్దుల బేరం జరిగినా మధ్యలో ఈరన్న తువ్వాల ఉండాల్సిందే. ఎద్దుల దళారీలు నోటితో బేరమాడరని మీకు తెలుసు. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని, వేళ్ళు నొక్కి మాట్లాడుకుంటారు. చేతులు బయటికి వచ్చాయంటే బేరం కుదిరినట్టు. ఆ తర్వాత ఎద్దు చచ్చినా మాట చావదు. ఈరన్న తువ్వాల కింద ఇచ్చిన మాట తప్పాడని ఏ సంతలోనూ ఎవడూ అనలేదు. ఈరన్నకున్న ఆస్తి అదే.

ఆస్తి కాకుండా ఈరన్నకు ఒక పిచ్చి కూడా ఉండేది. ఆ పిచ్చి పేరు లేవి. లేవి పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు, జట్టుకు నాయకుడు. వాడు చేతిలోంచి బంతి వదిలితే ఈరన్న ఊపిరి బిగబట్టేవాడు, అది వలలో జారాక వదిలేవాడు. భార్య ఓబులమ్మకు పురుడొచ్చినప్పుడు కూడా అంతసేపు బిగబట్టలేదని ఆమె ఊరంతా చెప్పుకుంది. నిజమే గనక ఆ మాటకు ఈరన్న నొచ్చుకోలేదు.

లేవీ, ప్రకాశం, తక్కిన ముగ్గురూ మిషను కాంపౌండు వెనక పేటవాళ్ళు. యేసును నమ్మి రెండు తరాలైంది గాని, ఆ సంగతి కాఫీ క్లబ్బు గుమ్మానికి ఇంకా తెలియలేదు. అందుచేత తమ ఆట గురించి సంఘం చేసే చర్చను ఐదుగురూ కిటికీ బయట నిలబడి వినేవారు. అంటరానితనం నేరమని ఆ ఏడే ఢిల్లీలో చట్టమైంది. సంఘం దాన్ని ఏకగ్రీవంగా హర్షించింది. హర్షిస్తూ శాంతయ్య చేసిన ఉపన్యాసం బయటివాళ్ళకు బాగా వినపడాలని కిటికీ రెండో రెక్క కూడా తెరిపించారు. ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఇక చర్చలంటారా, వాటికి అంతు లేదు. ఎవణ్ణి ఉంచాలి, ఎవణ్ణి తీయాలి, ఎవణ్ణి ఏ జిల్లాకిచ్చి ఎవణ్ణి తెచ్చుకోవాలి అన్న విషయం మీద వియ్యంకులిద్దరు మాటలు మానుకున్నారు. ఒక వకీలు కోర్టులో తన కేసు సంగతి మరిచి ప్రకాశం ఎడమచేతి వాటం గురించి వాదించి, కేసు గెలిచాడు. ఇంతలో ఎవరో ఇంగ్లీషు పేపరు చదివి, మంచి జట్టుకు బెంచీ లోతుగా ఉండాలని కనిపెట్టారు. అంటే, ఆడే ఐదుగురు అలిసిపోతే దిగడానికి బెంచీ మీద దండిగా జనం ఉండాలన్నమాట. ఉండటానికేం కరువు? శాంతయ్య తన అక్క కొడుకు కంబన్నను కూర్చోబెట్టాడు. వకీలు బావమరిదిని కూర్చోబెట్టాడు. తక్కిన సభ్యులు తమ తమ ఇళ్ళలో ఖాళీగా ఉన్నవాళ్ళందర్నీ తెచ్చి కూర్చోబెట్టారు. బెంచీ చాలక నల్లమల టేకుతో కొత్తది చేయించారు. ఆ కొత్త బెంచీని చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు.

"మా బెంచీ ముందర మా ఐదుగురూ దిగదుడుపే" అని సంఘం ఊరూరా చాటింది. కడపలో మరీ గట్టిగా చాటింది. బెంచీ మీదివాళ్ళు అంతవరకు బంతిని ముట్టుకోలేదు కాబట్టి ఆ మాట కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేకపోయింది.

ఆ యేడు జిల్లాల పోటీలకు ఒక కొత్త నిబంధన వచ్చింది. జిల్లాలు తమలో తాము ఆటగాళ్ళను మార్చుకోవచ్చునట. కడప జట్టులో తిమ్మయ్య అని ఒక పొడుగాటివాడు ఉన్నాడు, నిచ్చెన లేకుండా మిద్దె మీది మిరపకాయలు తీయగలడు. వాడు కావాలని సంఘం పట్టుబట్టింది. బదులుగా ఎవరినివ్వాలి? బనీను మీద ఐదో నెంబరున్న కంబన్నను ఇవ్వవచ్చని శాంతయ్యే పెద్దమనసు చేసుకున్నాడు. కంబన్న తిండి పుష్టి తెలిసిన వాళ్ళెవరూ ఈ త్యాగానికి ఆశ్చర్యపోలేదు. బేరం చేయడానికి ఈరన్న ఉండనే ఉన్నాడు. కడప వాళ్ళు తమ తరఫున పుల్లన్న అనే దళారిని పంపారు. ఆయనా ఎద్దుల మనిషే.

ఆళ్ళగడ్డ సంతలో ఇద్దరూ కూర్చున్నారు. తువ్వాల కప్పారు. పుల్లన్న ఒక వేలు అందించాడు, అంటే తిమ్మయ్య. ఈరన్న తన ఐదు వేళ్ళూ కలిపి పుల్లన్న చేతిలో పెట్టి గట్టిగా నొక్కాడు, అంటే ఐదో నెంబరు. పుల్లన్న కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ అడిగినట్టు వేళ్ళు తడిమాడు. ఈరన్న మళ్ళీ ఐదూ నొక్కాడు. తువ్వాల కింద నోరు విప్పడం మర్యాద కాదు కాబట్టి ఇద్దరూ మర్యాద పాటించారు. చేతులు బయటికి వచ్చాయి.

మరుసటి వారం పుల్లన్న పూలదండలు పట్టుకొని కర్నూలు బస్టాండులో దిగాడు. వెంట తిమ్మయ్య కూడా ఉన్నాడు. దండలు ఐదు.

"ఒక్క కంబన్నకు ఇన్ని దండలేలప్పా?" అన్నాడు ఈరన్న.

"కంబన్నెవురు? ఐదుగురిని ఇస్తానంటివి గదప్పా. లేవి, ప్రకాశం, ఆ ముగ్గురు. బస్సులో సీట్లు గూడా చెప్పినా."

"ఐదో నెంబరోడని గదా నేను నొక్కింది."

"సంతలో ఐదంటే ఐదే. ఐదో ఎద్దని యాడన్నా ఉండాదా? నువ్వే చెప్పు."

ఈరన్న తను తిరిగిన సంతలన్నీ తలుచుకున్నాడు. ఇన్నేళ్ళ దళారీతనంలో ఐదో ఎద్దు అనేది తనకెక్కడా తగల్లేదు.

"ఒక్కనికి ఐదుగుర్ని ఇస్తాండారని నాకూ అనుమానమొచ్చింది" అన్నాడు పుల్లన్న. "మీ బెంచీ శానా లోతంట గదా, వీళ్ళు లేకున్నా మీకేం బాధల్యాదులే అనుకుంటి. మీరే గదప్పా కడపకొచ్చి చెప్పిపోతిరి."

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. బేరం కాదనమని సగం మంది, ఎట్లా కాదంటావని సగం మంది. ఈరన్న ఒక మూల కూలబడ్డాడు. కాదంటే రేపటినుంచి ఏ సంతలోనూ తన తువ్వాల కింద ఎవడూ చెయ్యి పెట్టడు. ఔనంటే లేవి పోతాడు. ఆ పూట కాఫీ కూడా తాగలేదు.

పుల్లన్న చెడ్డవాడేమీ కాదు. ఈరన్న ముఖం చూసి జాలిపడి సంత కట్టుబాటు ఒకటి గుర్తుచేశాడు. బేరం నాడు సొంతదారు సంతలో లేకపోతే, ఆయన వచ్చి అదే తువ్వాల కింద తన దళారి చెయ్యి పట్టుకొని కాదనవచ్చు. అప్పుడు బేరం రద్దు, దళారి మాటకు మచ్చ లేదు. ఈరన్నకు ప్రాణం లేచొచ్చింది.

ఐతే లేవికి సొంతదారెవరు? బనీన్లు కుట్టించింది నేనని శాంతయ్య లేచాడు. ఆట మధ్యలో నిమ్మకాయ నీళ్ళు పంపింది నేనని వకీలు లేచాడు. పుల్లన్న అందరి వాదమూ ఓపిగ్గా విన్నాడు.

"మేత ఎవురేస్తే వాడే సొంతదారు. లేవికి కూడెవురు పెడతాండారు?"

కిటికీ బయటినుంచి జవాబొచ్చింది. "నా కూలితో నేనే తింటాండాను సామీ."

లేవికి లేవియే సొంతదారని ఆ విధంగా తేలింది. ఈ సంగతి సంఘానికి కొత్త. అయినా రికార్డు చేసుకున్నారు.

కడప బస్సు బయల్దేరే వేళకు ఊరు ఊరంతా బస్టాండులో ఉంది. ఐదుగురూ మూటలతో వచ్చారు. లేవి తల్లి జీవమ్మ కొడుకు చొక్కా పట్టుకొని నిలబడింది. లేవి నేరుగా ఈరన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాకు పోవాలని లేదు. మా యమ్మను ఇడిసి యాడికి పోయేది? నేనుంటే వీళ్ళూ ఉంటారు. తువ్వాల తియ్యి."

అని కుడిచెయ్యి చాచాడు.

బేళ్ళు మోసి కాయలు కాసిన చెయ్యి. ఆ చేతిలోంచి బంతి లేచినప్పుడల్లా ఈరన్న ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడూ బిగబట్టాడు. ఇంతకాలం ఆ చెయ్యి చూస్తూ బతికాడు గాని, దాన్ని తను ముట్టుకోవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తువ్వాల భుజం మీదినుంచి సగం దిగి, ఆగింది. ఈరన్న వెనక్కి తిరిగి సంఘం వైపు చూశాడు.

సంఘం ఊరికే ఉండలేదు, సలహాలిచ్చింది. చేతుల మధ్య రెండో తువ్వాల వేస్తే ఎట్లుంటుందని ఒకరన్నారు. చెరోవైపు ఒక కట్టె పట్టుకుంటే కట్టెకు దోషం లేదని ఇంకొకరన్నారు. ముట్టుకొని ఇంటికి పోయి తలస్నానం చేస్తే సరిపోతుంది గాని, ఇంతమంది చూస్తుండగా ముట్టుకుంటే పిల్లల పెళ్ళిళ్ళకు ఇబ్బంది అని శాంతయ్య ఆప్యాయంగా హెచ్చరించాడు.

"నోటిమాట చాలదా లేవీ?" అన్నాడు ఈరన్న.

"నోటిమాట చాలేటట్టుంటే నీకు తువ్వాలెందుకన్నా?"

లేవి చెయ్యి అట్లాగే ఉంది. డ్రైవరు హారను కొట్టాడు. ఈరన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తువ్వాల తీశాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. లేవి ఇంకాసేపు చూసి, ఆ చేత్తోనే మూట అందుకొని బస్సెక్కాడు. జీవమ్మ ఏడుపు బస్సు చప్పుడులో కలిసిపోయింది. ఈరన్న కూడా ఏడ్చాడు. మనస్ఫూర్తిగా ఏడ్చాడని చూసినవాళ్ళందరూ సాక్ష్యం చెప్పారు.

ఆ సాయంకాలమే సభ జరిగింది. "ప్రాణసమానులైన ఐదుగురు ఆటగాళ్ళనైనా వదులుకున్నాడు గాని, ఇచ్చిన మాట వదులుకోలేదు మన ఈరన్న. ఇది కర్నూలు సంస్కారం, ఇది రాజధాని గౌరవం" అని శాంతయ్య ప్రసంగించి, ఈరన్నకు శాలువా కప్పాడు. కిటికీ బయట వినేవాళ్ళు లేరు కాబట్టి ఆ పూట దాన్ని మూసే ఉంచారు.

తర్వాత కడపతోనే పోటీ వచ్చింది. బెంచీ మొత్తం లేచి ఆటలోకి దిగింది. తిమ్మయ్యను అందరిలో పొడుగని మధ్యలో నిలబెట్టారు గాని, అతనికి బంతి అందించే వాడు లేడు. కంబన్న కాసేపు పరుగెత్తి, దప్పికని కూర్చుండిపోయి మళ్ళీ లేవలేదు. లేవి చేతిలోంచి బంతి లేచినప్పుడల్లా కర్నూలు జనం మధ్య కూర్చున్న ఈరన్న అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాడు, వలలో పడ్డప్పుడల్లా వదిలాడు. ఎంత తేడాతో ఓడామో చెప్పడం జిల్లా గౌరవానికి భంగం కాబట్టి చెప్పడం లేదు.

ఓటమికి కారణాల మీద చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఆనాడు బస్టాండులో ఉన్నవాళ్ళను ఎవర్నైనా అడగండి, ఈరన్న ముట్టుకోకపోతే తానైనా ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకునేవాణ్ణే గాని తన చేతిలో గొడుగు ఉండిందనీ, నూనె డబ్బా ఉండిందనీ, సంచి ఉండిందనీ చెబుతారు. అబద్ధం చెప్పేవాళ్ళు కారు. ఆ రోజు కర్నూల్లో ఖాళీ చెయ్యి ఒక్కటీ లేదనుకోవాలి.

చివరికి సంఘం ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు ఈరన్నది కాదు, బెంచీది అంతకన్నా కాదు. లేవి మనకు చెయ్యిచ్చాడు, అంతే. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇన్నేళ్ళలో సంఘం చేసిన తీర్మానాల్లో అక్షరాలా నిజమైనది అదొక్కటే. చెయ్యి ఇచ్చింది లేవియే. పుచ్చుకున్నవాళ్ళే లేరు.