లూన్ లేక్‌లో వాలై చురుగ్గా ఉంది

ఆ శుక్రవారం పొద్దున ఇనెజ్ పెట్టుకున్న పని చిన్నదే. కౌంటీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న పద్నాలుగు ప్రింటర్లలో ఏవి బతికున్నాయో కనిపెట్టి, మధ్యాహ్నంలోగా పెద్దాఫీసరు ఆర్విడ్‌కు జాబితా ఇవ్వాలి. ఇస్తే ఆమె తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే మళ్లీ అరిజోనా ఎడారికి బస్సెక్కాలి.

ప్రింటర్లకు పేర్లు పెట్టింది ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఉత్తర మిన్నెసోటాలో పుట్టినవాడు కాబట్టి చేపల పేర్లు పెట్టాడు: వాలై, పైక్, మస్కీ. అక్కడితో ఆగక, అంతస్తులకు ఊరి చుట్టూ ఉన్న సరస్సుల పేర్లు పెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రిటైరైపోయాడు. ఎడారి పిల్ల ఇనెజ్ అవన్నీ ఎవరివో ఇంటిపేర్లు అనుకుంది. తప్పు ఆమెదని నేననను.

కంప్యూటర్ నుంచే ఒక్కొక్క ప్రింటర్‌నూ పలకరించి, పలికినవీ పలకనివీ రాసుకుంది. ఎవరైనా సరిచూస్తారని పదింటికి ఆఫీసంతటికీ పంపింది: "లూన్ లేక్, ఉత్తరం మూల: వాలై చురుగ్గా ఉంది. ఎల్క్ లేక్: పైక్ నిద్రపోతోంది. మడ్ లేక్: మస్కీలు మూడూ పోయాయి." ప్రింటర్ అన్న మాట మాత్రం రాయడం మరిచిపోయింది.

మొదటి ఫోను పన్నుల విభాగం హాల్వర్ చేశాడు.

"అమ్మాయ్, ఆ వాలైని ఎప్పుడు చూశావు?"

"చూళ్లేదండీ. ఇక్కణ్ణుంచే పిలిచాను. బతికుంటే పలుకుతుంది."

హాల్వర్ గొంతు తగ్గించాడు. "ఏం వేస్తే తీసుకుంటుంది?"

"మామూలు తెల్లదే చాలండీ. నలిగింది వేస్తే గొంతులో ఇరుక్కుంటుంది."

హాల్వర్‌కు అప్పటికప్పుడు సెలవు పెట్టేంత పంటినొప్పి వచ్చింది. అరగంటలో ఆ నొప్పి మూడు విభాగాలకు అంటుకుంది.

రెండో ఫోను ఆరోగ్య విభాగం మార్లిస్‌ది. "మస్కీలు దేనివల్ల పోయాయి?"

"ఇంకు కారిందనుకుంటానండీ. కిందంతా నల్లగా ఉందట."

మార్లిస్ ఇక ఏమీ అడగలేదు. పదకొండింటికి మడ్ లేక్ గట్టున "నీళ్లలో దిగరాదు" అన్న బోర్డులు వెలిశాయి. పన్నెండింటికి ఊరి రేడియో ఆ వార్త చదివింది.

జాబితా పట్టుకుని ఆర్విడ్ గదికి వెళ్తున్న ఇనెజ్ ఆ వార్త విని నిలబడిపోయింది. ఆఫీసంతా ఖాళీ. ఆర్విడ్ కూడా లేడు. మడ్ లేక్ నిజం సరస్సనీ, మస్కీలు చేపలనీ అప్పుడర్థమైంది. తన కప్పు, శాలువా అట్టపెట్టెలో సర్దుకుని ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది.

మూడింటికి ఆర్విడ్ మోకాళ్లదాకా తడిసిన ప్యాంటుతో వచ్చాడు. చేతిలో మూరెడు వాలై చేప ఉంది.

"సార్, ఆ జాబితా..."

"ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్నానమ్మా, ఇంతది పడటం ఇదే మొదలు. ఉత్తరం మూల, తెల్ల ఎర. అక్షరాలా నువ్వు హాల్వర్‌కు చెప్పినట్టే."

"మరి మడ్ లేక్..."

"నీళ్లు శుభ్రంగా ఉన్నాయట. నువ్వు ముందే హెచ్చరించబట్టే ఉన్నాయని మార్లిస్ అంటోంది."

"సార్, నేను రాసింది చేపల గురించి కాదు."

"అంత వినయం పనికిరాదు. నీ ఉద్యోగం ఖాయం."

ఆర్విడ్ ఉత్తర్వు టైపు చేసి ప్రింట్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కి, విసుక్కుని, కలం తీసి చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. చివర ఒక వాక్యం చేర్చాడు: ప్రింటర్ల జాబితా సోమవారానికైనా ఇవ్వవలెను.