తూర్పు కొండకు నా సంతకం

ఒక పెద్ద అడవిలో అంతర్గత తనిఖీ అధికారిగా పనిచేసిన ఉడుమును నేను. పట్టుకుంటే వదలనని పేరు. ఆ పేరు నేనూ నమ్మాను.

వేసవికి ముందు కొండల చుట్టూ ఎండుగడ్డి కోసి, నిప్పు దాటకుండా బాటలు తీయాలి. ఆ శాఖ ఎలుగుబంటిగారిది. తూర్పు కొండ పని పూర్తయిందని ఆయన కాగితం పంపారు. వెళ్లి చూశాను. ఆ గడ్డిలో నేను మునగడం సరే, దుప్పి కొమ్ములే కనిపించడం లేదు.

"పని మొదలే కాలేదు" అని రాశాను. ఎలుగుబంటిగారు పిలిచి తేనె పెట్టారు.

"ఉడుముగారూ, 'కాలేదు' అంటే మొరటుగా లేదూ? 'జరుగుతోంది' అనండి."

"జరగడం లేదు కదండీ."

"జరగాల్సి ఉంది కదా. ఎంత తేడా? అన్నట్టు, ఈ ఏడు ఉత్తమ అధికారి పేరు పంపేది నేనే."

రెండు రోజులు మథనపడ్డాను. మూడో రోజు 'జరుగుతోంది' అని రాశాను. నాలుగో రోజు, వాక్యానికి నిండుదనం లేదనిపించి, 'సంతృప్తికరంగా జరిగింది' అని దిద్దాను. ఈ రెండో అబద్ధం రాయమని నన్నెవరూ అడగలేదు.

ఆ కొండ మీద ఉండే కుందేలమ్మ ముగ్గురు పిల్లలతో వచ్చింది.

"అయ్యా, మా ఇంటి చుట్టూ గడ్డి అలాగే ఉంది. పిల్లలతో ఉండొచ్చంటారా?"

"ఇదిగోమ్మా నా సంతకం. నిశ్చింతగా ఉండు."

ఆమె సంతకం వంక చూసింది, నా వంక చూసింది. ఆ సాయంత్రమే చుట్టుపక్కల వాళ్లను కూడా వెంటబెట్టుకుని వాగు అవతలికి వెళ్లిపోయింది.

నాకు ఉత్తమ అధికారి బిరుదు వచ్చింది, దానితో కోరిన చోట ఇల్లు. తూర్పు కొండ అడిగాను.

"అక్కడా?" అన్నారు ఎలుగుబంటిగారు.

"అన్నిటికన్నా భద్రమైన చోటు కదండీ. నివేదికలో ఉంది."

ఆయన తేనె నాకి, ఇంటి కాగితం మీద సంతకం పెట్టారు.

చైత్రం చివర మిట్టమధ్యాహ్నం కొండ అంటుకుంది. అప్పటికి దాని మీద మిగిలింది నేనొక్కణ్ణే. సగం తోక కాలి, వాగు దాటి అవతల పడ్డాను. కుందేలమ్మ ఆకు పసరు తెచ్చి రాసింది.

"అక్కడ గడ్డి కోయలేదని మీకు తెలియదా అయ్యా?"

"తెలుసమ్మా. కళ్లారా చూశాను."

"మరి?"

"తర్వాత నా నివేదిక చదివాను."

నీతి: అబద్ధపు నివేదిక ఎంత బాగా కుదిరినా, రాసినవాడు మాత్రం చదవకూడదు.